గొయ్యి ఇంకా తవ్వలేదు

గోపన్నవరం పురపాలక సంఘంలో పనులు జరగడం లేదన్నది పచ్చి అబద్ధమని ఆ మార్చి నెలలో తేలిపోయింది. పనులు జరగకపోవడం కాదు, ఫొటోలు లేకపోవడమే అసలు లోపమట. ఆ సంగతి పైనుంచి వచ్చిన ఒక సర్క్యులరు బయటపెట్టింది. "ఫొటో జతపరచని ఏ పనియు పూర్తయిన పనిగా పరిగణింపబడదు" అని అందులో రెండో పేరాలో ఉంది. కమిషనర్ చిదంబరేశ్వరరావు గారు దాన్ని మూడుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని నాలుగోసారి కూడా చదివి, సీనియర్ అసిస్టెంటు నూకరాజును పిలిపించారు. ఫొటో లేని పని పని కానప్పుడు, ఫొటో ఉన్నది పనే అయి తీరాలి కదా అని అడిగారు. ముప్పై ఏళ్ల సర్వీసులో నూకరాజు ఏ కమిషనర్ అడిగిన ఏ ప్రశ్నకూ కాదని చెప్పి ఎరగడు. అవుతుందండీ అన్నాడు.

అక్కడితో గోపన్నవరానికి మంచిరోజులొచ్చాయి.

ఆఫీసు మొత్తానికి అసలైన కెమెరా ఉన్నది హైమ ఒక్కదాని దగ్గరే. హైమ ఫిర్యాదుల సెక్షన్లో జూనియర్ అసిస్టెంటు. పెళ్ళై సరిగ్గా నెల కాలేదు. భర్త ఫణీంద్ర జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. అందరు మొగుళ్లలా చీర కొనకుండా ఎవరో వాడి వదిలేసిన పాత కెమెరా ఒకటి కొని, దాన్ని పాత ప్రశ్నపత్రాల్లో పొట్లం కట్టి ఇచ్చాడు. దాని నెత్తిమీద ఒక చక్రం, చక్రం మీద నాలుగైదు అక్షరాలు. హైమ ఆ చక్రాన్ని ఎటు తిప్పితే ప్రపంచం అటు మారిపోయేది. మొదటి వారంలో ఆమె తీసిన ఫొటోల్లో ఇరవై ఆరు కాఫీ గ్లాసువి, నలభై ఫణీంద్రవి. ఆ నలభైలో ముప్పై ఎనిమిదింట్లో అతని చెవి స్పష్టంగా, ముఖం మసకగా వచ్చింది. అంత అందమైన చెవి గోపన్నవరంలో ఇంకెవరికీ లేదని హైమ నిర్ధారణకొచ్చింది. ఫణీంద్ర కూడా అద్దంలో ఒకటికి రెండుసార్లు చూసుకుని ఒప్పుకున్నాడు.

ఇంత సంతోషంలోనూ ఒక లోటుంది. పెళ్ళికి హైమ పది రోజులు సెలవడిగితే రెండు రోజులిచ్చారు. అరకు వెళ్లాలని ఇద్దరూ అనుకున్నారు. రైలు ఎక్కడ సొరంగంలోకి వెళ్తుందో, ఎక్కడ బయటికొస్తుందో, అప్పుడు షట్టర్ ఎంత పెట్టాలో కూడా కాగితం మీద రాసుకున్నారు. కావలసింది మూడంటే మూడు రోజుల సెలవు. ఆ మాట అడిగితే కమిషనర్ గారు గోడమీది బోర్డు చూపించారు. "పెండింగ్ ఫిర్యాదులు: 214" అని దానిమీద ఎర్ర అక్షరాలు.

"దాన్ని సున్నా చెయ్యమ్మా. మూడు రోజులేం ఖర్మ, మూడు రోజులూ ఇచ్చేస్తాను" అన్నారాయన.

మొదటి ఫిర్యాదు పురపాలక ప్రాథమిక పాఠశాలది. ఎనిమిదేళ్లుగా సున్నం లేక గోడలు నాచుపట్టాయని హెడ్మాస్టరు రాసుకున్నాడు. హైమ వెళ్లి ఫొటో తీసింది. ముందు రోజు సాయంత్రం గదిలో దీపం పెట్టి భర్త చెవి తీసినప్పటి సెట్టింగులు మార్చడం మరిచిపోయి, మిట్టమధ్యాహ్నం ఎండలో అలాగే నొక్కేసింది. బడి, గోడలు, ఆకాశం, అరుగుమీద కూర్చున్న పిల్లలు, అన్నీ పాలలో ముంచి తీసినట్టు తెల్లగా వచ్చాయి. సిగ్గుపడి చెరిపేయబోతుంటే నూకరాజు లాక్కుని కమిషనర్ గారి గదిలోకి పరుగెత్తాడు.

కమిషనర్ గారు ఫొటోను చాలాసేపు చూశారు. సున్నం ఎవరు వేయించారని అడిగారు.

"ఎవరూ వేయించలేదండీ. వెలుగు ఎక్కువైపోయింది" అంది హైమ.

"ఎవరు వేశారన్నది సమస్య కాదమ్మా. అది శాఖాపరమైన విషయం. ఫొటోలో సున్నం ఉన్నదా, లేదా?"

ఉంది. ఒక్క గోడకే కాదు, ప్రహరీ అవతలి చింతచెట్టుకు కూడా ఉంది.

పని పూర్తయినట్టు ఫిర్యాదుల యాప్‌లో 'ముగించు' నొక్కితే, ఫిర్యాదు చేసినవాళ్ల ఫోనుకు ఓటీపీ వెళ్తుంది. అది వాళ్లు చెబితేనే ఫిర్యాదు మూసుకుంటుంది. హెడ్మాస్టరుకు ఫొటో పంపారు. ఆయన దాన్ని చూసి మురిసిపోయి ఓటీపీ చెప్పేశాడు. పైగా ఆ ఫొటోకు ఫ్రేము కట్టించి, నాచు పట్టిన గోడకే తగిలించుకున్నాడు. బోర్డు మీద 213 అయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఫణీంద్ర భార్యకు రెండో పాఠం చెప్పాడు. లెన్సులో ఒక కన్నం ఉంటుంది. అంకె చిన్నదైతే కన్నం పెద్దది, అంకె పెద్దదైతే కన్నం చిన్నది. ఇదేం తిరకాసని హైమ నవ్వింది. మీ ఆఫీసులో హోదా పెద్దదైతే పని చిన్నది కాదా, అలాగే అన్నాడతను. కన్నం పెద్దది చేస్తే ముందున్నది స్పష్టంగా, వెనకున్నది మసకగా వస్తుందనీ, తన చెవి రహస్యం అదేననీ వివరించాడు. హైమ తోటకూర పులుసు గరిటెను ముందు, మొగుణ్ణి వెనక పెట్టి తీసి చూసింది. మొగుడు కరిగిపోయి రంగురంగుల బుడగలుగా మారాడు. ఇద్దరూ పులుసు చల్లారేదాకా నవ్వుకున్నారు.

మర్నాడు ఆమె మూడో వార్డు చెత్తకుప్ప ముందు ఎవరి గుమ్మంలోదో గులాబీ కుండీ పెట్టి తీసింది. గులాబీ మీద నీటిబొట్టు కూడా కనబడుతోంది. వెనక చెత్తకుప్ప దీపావళి దీపాల్లా పసుపు, నీలం గుండ్రాలై మెరిసిపోయింది. కమిషనర్ గారు వెంటనే ఉత్తర్వు డిక్టేటు చేశారు: "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, పట్టణమందలి చెత్తకుప్పలన్నియు ఇకపై నేపథ్యములుగా పరిగణింపబడును. నేపథ్యములు మసకగా నుండుట తప్పనిసరి." గులాబీ కుండీకి ఆఫీసు నంబరు వేశారు. అది రిక్షాలో నలభై రెండు చెత్తకుప్పల దగ్గరికీ తిరిగి, చివరికి మొగ్గ కూడా వేసింది. శానిటరీ విభాగంలో ఆ ఏడాది పెరిగినది అదొక్కటే.

అంగడివీధి కూడలి సంగతి కొంచెం కష్టమైంది. అక్కడ ఆటోలు, తోపుడుబళ్లు, జనం, పశువులు కలిసి పొద్దస్తమానం ఒకే ముద్ద. షట్టర్ అరనిమిషం తెరిచి ఉంచితే కదిలేవేవీ ఫొటోలో పడవని ఫణీంద్ర చెప్పాడు. పట్టపగలు అంత వెలుగు లోపలికి పోకుండా లెన్సు ముందు పెట్టుకోమని కాలేజీ ల్యాబు నుంచి వెల్డింగు అద్దం ముక్క తెచ్చిచ్చాడు. హైమ మూడుకాళ్ల స్టాండు వేసి అరనిమిషం లెక్కపెట్టింది. మనుషులు లేరు, ఆటోలు లేవు, బళ్లు లేవు. కూడలి కడిగినట్టుంది. నడుమ మాత్రం ఒక ఆంబోతు స్పష్టంగా మిగిలింది; అది అరనిమిషమూ కదలలేదు. "చలనరహిత ఆంబోతు" అని దానిమీద వేరే ఫైలు తెరిచి, ఫొటో తీసేటప్పుడు దాని తోక మెలిపెట్టడానికి ఒక మనిషిని డెప్యుటేషన్ మీద వేశారు. వెల్డింగు అద్దం మూలాన ఫొటో అంతా ఆకుపచ్చగా వచ్చిందని హైమ బెంగపెట్టుకుంటే, కమిషనర్ గారు లేచి నిలబడ్డారు.

"పచ్చదనం లక్ష్యం కూడా ఇందులోనే అయిపోయిందమ్మా. రెండు పద్దుల్లోనూ వేయండి" అన్నారు.

కుళాయిల్లో ఎర్రటి బురదనీళ్లు వస్తున్నాయని డెబ్భై ఫిర్యాదులు. రంగుల సెట్టింగును బల్బు గుర్తు దగ్గరికి తిప్పితే అంతా నీలమవుతుందని హైమకు అప్పటికి తెలిసింది. ఇత్తడి బిందెలో పడుతున్న బురద, ఫొటోలో సముద్రంలా వచ్చింది. బిందె కూడా నీలంగానే వచ్చింది గాని దాని మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు. కొందరు ఓటీపీ చెప్పడానికి మొరాయించారు. తమరు నమ్మేది కంటినా, ప్రభుత్వ రికార్డునా అని నూకరాజు వాళ్లను ఫోన్లో నిలదీశాడు. ఏ మనిషైనా నాలుగోసారి ఫోన్ వస్తే రికార్డునే నమ్ముతాడు.

హైమకు అప్పుడప్పుడు మనసులో ఏదో గుచ్చుకునేది. కాని కెమెరా చేతిలోకి రాగానే కొత్త మీట ఏదో కనబడేది, ఆ మీట నొక్కితే ఇంకేదో అద్భుతం జరిగేది, బోర్డు మీద అంకె తగ్గేది, అంకె తగ్గినకొద్దీ అరకు దగ్గరయ్యేది. మార్చి పదిహేడుకి బోర్డు మీద ఒకటి మిగిలింది.

ఆ ఒకటి ఫణీంద్రది.

వాళ్ల గుమ్మం ముందు నీళ్ల పైపు అతకడానికి ఫిబ్రవరి ఎనిమిదిన కాంట్రాక్టరు తాతబ్బాయి నిలువులోతు గొయ్యి తవ్వాడు. పైపు ఆ రోజే అతికాడు. గొయ్యి అలాగే వదిలేశాడు. పన్నెండున ఫణీంద్ర ఫిర్యాదు చేశాడు. పంతొమ్మిదిన పెళ్ళైంది. కొత్త పెళ్ళికూతురు గోతికి అడ్డంగా వేసిన తలుపుచెక్క మీద నడుచుకుంటూ అత్తవారింట కాలుపెట్టింది. బ్యాండువాళ్ల పెద్ద డోలు గోతిలో పడి అక్కడే రెండుసార్లు మోగింది.

హైమ ఆ గోతిని కూడా తీసింది. కెమెరాను రోడ్డుకు ఆనించి తీస్తే గొయ్యన్నదే కనబడదు. ఈ అంచు ఆ అంచుతో కలిసిపోయి రోడ్డు అద్దంలా వస్తుంది. కమిషనర్ గారు మెచ్చుకున్నారు. యాప్‌లో 'ముగించు' నొక్కారు. సాయంత్రం హైమ ఇంటికి వెళ్లి, కాఫీ ఇచ్చి, పక్కనే కూర్చుని, ఓటీపీ అడిగింది.

"ఫొటో చాలా బాగుంది హైమా. ఆ గీతలు చూడు, ఎలా వెళ్లి కలిశాయో" అన్నాడు ఫణీంద్ర. "ఓటీపీ మాత్రం ఇవ్వను."

"ఏవండీ, ఆరంకెలు. అరకు అనుకుని చెప్పెయ్యండి."

"గొయ్యి పూడ్చమను. ఆరంకెలూ పాట కట్టి పాడతాను."

హైమ అలిగింది. పెళ్ళైన తర్వాత మొదటి అలక కాబట్టి ఎంతసేపు అలగాలో తెలియక, పావుగంటలో తనే మళ్లీ వచ్చి కూర్చుంది. మిగతా అందరూ చెప్పారు కదా అంది. చెప్పారు, అందుకే బురదనీళ్లు తాగుతున్నారన్నాడు ఫణీంద్ర. నవ్వుతూనే అన్నాడు. కాని హైమకు ఇన్నాళ్లూ గుచ్చుకుంటున్నది ఏమిటో అప్పుడు తెలిసింది. ఆమె మళ్లీ ఓటీపీ అడగలేదు. ఆఫీసువాళ్లు 'ముగించు' నొక్కినప్పుడల్లా ఫణీంద్ర ఫోను మాత్రం మోగుతూనే ఉంది, పదకొండుసార్లు. పదకొండు ఓటీపీలొచ్చి పదకొండూ వృథాగా పోయాయి.

మర్నాడు పొద్దున్నే కమిషనర్ గారు స్వయంగా ఫణీంద్రకు ఫోన్ చేశారు. గొయ్యి ఫొటోలో లేదన్న సంగతి ఓపికగా విడమరిచి చెప్పారు. ఫణీంద్ర అంతా వినయంగా విని ఒక్క మాటన్నాడు.

"అయితే తమరొకసారి వచ్చి, ఫొటోలో లేని ఆ గొయ్యి మీద నిలబడండి సార్. మా ఆవిడ ఫొటో తీస్తుంది. వెంటనే ఓటీపీ చెబుతాను."

కమిషనర్ గారు ఫోను పెట్టేసి ఫ్యాను వేగం పెంచమన్నారు. పాతికేళ్ల సర్వీసులో తనను రోడ్డు మీద నిలబడమన్న పౌరుడు ఇతనే మొదటివాడని నూకరాజుతో అన్నారు. ఆ గోతి ఫొటోను మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. కుడివైపు మూలన చిన్న పసుపు అంకెలు కనబడ్డాయి. అవేమిటన్నారు.

అది తేదీ అని హైమ చెప్పింది. ముందు రోజు బ్యాటరీ ఊడిపోయి తేదీ చెరిగిపోతే తానే మళ్లీ పెట్టింది. తీరా చూస్తే మార్చికి మూడు బదులు ఒకటి నొక్కింది. తప్పయిపోయిందనీ, ఇప్పుడే మారుస్తాననీ కెమెరా అందుకోబోయింది.

"ఆగమ్మా" అన్నారు కమిషనర్ గారు. ఆయన గొంతు మారిపోయింది. "జనవరి పదిహేడున తీసిన ఫొటో ఇది. మీ ఆయన ఫిర్యాదు ఎప్పటిది?"

"ఫిబ్రవరి పన్నెండుదండీ."

"అంటే, ఫొటో నాటికి ఆ ఫిర్యాదు?"

"ఇంకా చెయ్యలేదండీ" అన్నాడు నూకరాజు. ముప్పై ఏళ్లలో అతను తనంతట తాను చెప్పిన మొదటి జవాబది.

పది నిమిషాల్లో ఉత్తర్వు టైపయింది. "ఫొటోయే రికార్డు అయినందునను, రికార్డే సత్యము అయినందునను, ఫొటోపై గల తేదీయే కార్యాలయపు అధికారిక తేదీగా తక్షణమే అమలులోకి వచ్చును. తదనంతర తేదీలు గల ఫిర్యాదులు 'రాబోవు ఫిర్యాదుల' దస్త్రమునకు బదలాయింపబడును." గోడమీది క్యాలెండరు రెండు కాగితాలు వెనక్కి తిప్పారు. హాజరు పట్టీలో జనవరి పద్దెనిమిది వేసి అందరూ సంతకాలు చేశారు. బోర్డు మీద సున్నా వేసి దానికి దండ వేశారు. ఆంబోతు తోక మెలిపెట్టే మనిషి స్వీట్లు పంచాడు.

ఆ దండ వాడక ముందే చిక్కొచ్చింది. గొయ్యి తవ్వమని తాతబ్బాయికి వర్కార్డరిచ్చింది ఫిబ్రవరి ఎనిమిదిన. ఆఫీసులో నడుస్తున్నది జనవరి. మరి గొయ్యి? వర్కార్డరుకు మూడు వారాల ముందే ప్రభుత్వ రోడ్డు తవ్వడమంటే అనధికార తవ్వకమేనని ఇంజనీరింగు విభాగం తేల్చింది. తాతబ్బాయికి మధ్యాహ్నం పన్నెండుకల్లా నోటీసు వెళ్లింది. ఏ అధికారంతో తవ్వావో సాయంత్రంలోగా సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే పేరు నల్లజాబితాలో పడుతుంది. తాతబ్బాయి గోలపెట్టాడు. తవ్వమన్నది మీరే కదండీ అన్నాడు. ఇంకా అనలేదన్నారు వాళ్లు.

తాతబ్బాయికి చదువు తక్కువైనా ఆఫీసు తెలుసు. రెండు ట్రాక్టర్ల గ్రావెలు తెచ్చి, ఆరుగురు మనుషుల్ని పెట్టి, నీళ్లు కొట్టి, దిమ్మిసతో అదిమి, పైన తారు కూడా పోయించి మూడున్నరకల్లా రోడ్డును గొయ్యి పుట్టని నాటికి తీసుకెళ్లాడు. అసలు తవ్వనే లేదనడానికి సాక్ష్యంగా హైమ చేత ఫొటో తీయించుకున్నాడు. ఏ మీటా తిప్పనవసరం లేకుండా హైమ తీసిన మొదటి మునిసిపల్ ఫొటో అది. ఆ ఫొటో పక్కవీధుల వాళ్లకు కూడా పంపింది. మీ వీధి గొయ్యి తవ్వమన్న వర్కార్డరు జనవరి తర్వాతదైతే ఆ తేదీ వేసి మరీ ఫిర్యాదు చేయమని కింద ఒక ముక్క రాసింది.

ఇక నాలుగింటికి సెలవు చీటీ పట్టుకుని కమిషనర్ గారి గదిలోకి వెళ్లింది. బోర్డు మీద సున్నా ఉంది. ఆయన మాటిచ్చి ఉన్నారు. ఆయన కలం తీశారు, చీటీ చదివారు, కలం మూసేశారు.

"అరకు. ఎవరితోనమ్మా?"

"మా ఆయనతోనండీ."

"ఏ ఆయన?" కమిషనర్ గారు క్యాలెండరు వైపు చూశారు. ఆ చూపులో బాధ ఉంది. "ఈ రోజు జనవరి పద్దెనిమిది. రికార్డు ప్రకారం నీ పెళ్ళి ఫిబ్రవరి పంతొమ్మిదిన. పెళ్ళికాని ఆడపిల్ల పరాయి మగవాడితో విహారయాత్రకు వెళ్తానంటే, ఒక శాఖాధిపతిగా నేను సెలవివ్వగలనా? రేపు ఎవరైనా సమాచార హక్కు కింద అడిగితే నేనేం చెప్పను?"

హైమ చేతిలో కెమెరా పట్టీ బిగుసుకుంది. రెండు వందల పద్నాలుగు ఫిర్యాదులు, ఇన్ని రోజుల ఎండ, రైలు సొరంగాల కాగితం, అన్నీ కళ్లముందు మసకబారాయి. ఏ సెట్టింగూ లేకుండానే. ఏడుద్దామని కూడా అనుకుంది. ఇంతలో ఆమె కూడా క్యాలెండరు చూసింది. జనవరి ఇరవై. ఆ చదరంలో ఉన్నదేమిటో గుర్తొచ్చి, చీటీ వెనక్కి తీసుకుని, అక్కడే నిలబడి ఇంకోటి రాసిచ్చింది.

కమిషనర్ గారు పైకి చదివారు. "జనవరి ఇరవయ్యవ తేదీన నాకు పెళ్ళిచూపులు అయి ఉన్నందున…" ఆగిపోయారు. "పెళ్ళిచూపులకు మూడు రోజులెందుకమ్మా? అరగంట పని."

"జీవితాంతం కాపురం చేయాల్సిన మనిషండీ. బాగా చూసుకోవాలి కదండీ."

"అది మీ ఇంట్లోనే పెట్టుకోవచ్చు కదా."

"అబ్బాయివాళ్లు కొండల్లో చూస్తామంటున్నారండీ. అయినా మీ ఇష్టం సార్. చూపులే కాకపోతే పెళ్ళి అవ్వదు. తమరేమో ఫిబ్రవరి పంతొమ్మిదిన నా పెళ్ళికి వచ్చి అక్షింతలు వేసి, మైకులో మాట్లాడి, రెండు జిలేబీలు తిన్నారు. ఆ పొద్దు మీరు ఆఫీసు జీపులో అధికారిక పర్యటన మీద వచ్చినట్టు లాగుబుక్కులో ఉంది. జరగని పెళ్ళికి జీపు ఎందుకు వెళ్లిందని ఎవరైనా సమాచార హక్కు కింద అడిగితే…"

కమిషనర్ గారు కలం తెరిచారు. ఆయన చరిత్రను కాపాడుతున్న మనిషిలా గంభీరంగా సంతకం చేశారు. "శుభం. సంబంధం కుదరాలని కోరుకుంటున్నాను" అని కూడా అన్నారు.

మూడో నాటి పొద్దున అరకు రైల్లో కిటికీ పక్కన హైమ, ఎదురుగా ఫణీంద్ర. కొండలు మొదలయ్యాయి. ఎండ ఆకుల మధ్య నుంచి వచ్చి బోగీ అంతా చుక్కలు చుక్కలుగా పరుగెడుతోంది. హైమ కెమెరా ఒళ్లో పెట్టుకుని, ఆఫీసు లెక్కన ఈ వేళ జనవరి ఇరవై అనీ, ఇప్పుడు తామిద్దరూ ఒకరికొకరు ఏమీ కారనీ జ్ఞాపకం చేసింది. ఫణీంద్ర వెంటనే చొక్కా కాలరు సర్దుకుని, గొంతు సవరించుకుని, బొత్తిగా పరిచయం లేనివాడి మర్యాదతో ముందుకు వంగాడు. పక్కసీట్లో వేరుశనగలు తింటున్న పెద్దావిడ తినడం ఆపి చూసింది.

"మీ పేరేంటండీ?"

"హైమవతండీ."

"వంట వచ్చా?"

"తోటకూర పులుసు వచ్చండీ. ఫొటోలు కూడా వచ్చు."

"ఏం చదివారు?"

"బీకామండీ. మీరేం చేస్తుంటారు?"

"పాఠాలు చెబుతానండీ. ఫిర్యాదులు చేస్తుంటాను." ఫణీంద్ర ఆమెను నిదానంగా, కావలసినంతసేపు చూశాడు. మూడు రోజుల సెలవుంది, తొందరేం లేదు. "మధ్యవర్తి మీ ఫొటో ఇచ్చాడండీ. ఏమీ అనుకోకపోతే ఒక మాట. ఫొటోలో కంటే ఎదురుగానే బాగున్నారు."

ఇన్ని రోజులుగా గోపన్నవరంలో ఎవరూ దేన్ని చూసీ అనని మాట అది.

"ఆ మాట మా ఆఫీసులో మాత్రం అనకండి. ఉద్యోగం పోతుంది" అంది. ఇంతలో సొరంగం వచ్చింది. షట్టర్ ఎంత పెట్టాలో ఇద్దరిలో ఎవరికీ గుర్తులేదు.